దెబ్బకీ మోతకీ మధ్య 10 మిల్లీసెకన్లు

జూలూరుపాడు, ఏన్కూరు, చండ్రుగొండ వైపు ముహూర్తాల రోజుల్లో ఆర్కెస్ట్రాల వెంట తిరిగే ప్యాడిస్టులు, కీబోర్డు వాళ్లు, సౌండ్ బాక్సులు నడిపే కుర్రాళ్లు చాలామంది పగలు వేరే పనిలో ఉంటారు. కొత్తగూడెంలో కాంట్రాక్టు ఉద్యోగమో, మొబైల్ షాపో, మీసేవ కౌంటరో. బీటెక్ పూర్తి చేసి, అమీర్‌పేటలో ఏదో కోర్సుకు ఫీజు కట్టి, ఇంటర్వ్యూ పిలుపు కోసం చూస్తున్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఈ సలహా వాళ్ల కోసమే. తాళం తప్పితే వెంటనే పట్టేసే మీ చెవికి, మీకు కాస్తో కూస్తో వచ్చిన ప్రోగ్రామింగ్‌కి రెండింటికీ ఒకేచోట పని దొరికే రంగం ఒకటుంది. మనం వాయిస్తుంటే అప్పటికప్పుడు బదులిచ్చే సంగీత సాఫ్ట్‌వేర్ తయారు చేయడం ఆ పని.

మీరు వాయించే ప్యాడే అలాంటి యంత్రం. రోలాండ్ కంపెనీ మొదటి ఆక్టాప్యాడ్‌ను 1985లో తెచ్చింది. పుల్లతో కొడితే లోపలి సెన్సర్ ఆ అదురును పట్టి, ఎంత గట్టిగా కొట్టారో లెక్క తీసి, సరిపడే శబ్దాన్ని వదులుతుంది. ఆ పెట్టె లోపల నడిచేది ప్రోగ్రామే. దాన్ని రాసేవాళ్లు కావాలి. వాయించడం తెలిసి రాసేవాళ్లు దొరకడం కష్టం.

కంప్యూటర్ పాట పాడటం పాత సంగతే. 1957లో బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాం ఐబీఎం యంత్రం మీద ఒక చిన్న రాగం పలికించింది. అయితే అప్పుడు లెక్కలన్నీ ముగిశాకే వినడానికి వీలయ్యేది. మనిషి వాయిస్తుంటే యంత్రం పక్కవాద్యంలా వెంట రావడమన్నది 1980ల నడుమ పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మిల్లర్ పకెట్ రాసిన ప్రోగ్రాంతో ఊపందుకుంది. మాథ్యూస్ మీద గౌరవంతో దానికి మ్యాక్స్ అని పేరు పెట్టారు. అదే పకెట్ 1996లో ప్యూర్ డేటా అనే ఉచిత ప్రోగ్రాం విడుదల చేశాడు. పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. సిగ్నల్ వచ్చీ పోయే ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు, దానితోనే మొదలుపెట్టమని చెప్పడానికి.

ముందు ఒక లెక్క మనసులో నాటుకోవాలి. శబ్దాన్ని కంప్యూటర్ సెకనుకు సాధారణంగా 44,100 లేదా 48,000 ముక్కలుగా చూస్తుంది. ఈ లెక్కే శాంపిల్ రేటు. వాటిని ఒక్కొక్కటిగా పంపదు, కట్టలు కట్టి పంపుతుంది. ఆ కట్టే బఫర్. 48,000 లెక్కన 256 ముక్కల కట్టకు 5.3 మిల్లీసెకన్లు, 1,024 ముక్కల కట్టకు 21 మిల్లీసెకన్లు పైనే. కట్ట పెద్దదైతే యంత్రానికి సుఖం, వాయించేవాడికి కష్టం. పుల్ల పడిన తర్వాత మోత వచ్చేందుకు ఎంత ఆలస్యమైతే చెల్లుతుంది? బర్కిలీలో పరిశోధన చేసిన డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ 2000ల మొదట్లో ఒక హద్దు చెప్పారు. మొత్తం ఆలస్యం 10 మిల్లీసెకన్లు దాటకూడదు, ఆ ఆలస్యంలో హెచ్చుతగ్గులు 1 మిల్లీసెకను లోపే ఉండాలి. ఈ రెండో షరతే అసలైనదని నా అభిప్రాయం. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చెయ్యి కొంతవరకు సర్దుకుంటుంది. ఒక దెబ్బకు 6, మరో దెబ్బకు 19 అయితే ఎంత గొప్ప వాయిద్యగాడైనా దరువు తప్పుతాడు. తప్పు తనదేనేమో అని దిగులు పడతాడు కూడా. అందుకే ఈ పనిలో సగటు వేగం చూసి మురిసిపోవద్దు. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన దెబ్బ ఏదో అది చూడాలి.

గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే బాక్సు 3.4 మీటర్ల దూరంలో ఉంటే అక్కడే 10 మిల్లీసెకన్లు అయిపోయాయి. బాక్సులు స్టేజీకి ఆ చివర పెట్టి సాఫ్ట్‌వేర్ మెల్లగా ఉందంటే లాభం లేదు. వాయించేవాడి చెవి పక్కనే చిన్న మానిటర్ ఉండాలి, లేదా తీగ ఉన్న హెడ్‌ఫోన్ ఉండాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ పనికి అసలు పనికిరావు. వాటిలో ఆలస్యం తరచుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది.

ఇప్పుడు ప్రోగ్రాం లోపలికి వద్దాం. స్లాబు పోసే రోజు తట్టలు చేతులు మారే వరుస చూసే ఉంటారు. మధ్యలో ఒకడు ఫోన్ ఎత్తితే వరుసంతా ఆగిపోతుంది. స్పీకరు దగ్గరా అంతే. ప్రతి 5 మిల్లీసెకన్లకు ఒక కట్ట అందాల్సిందే. అందకపోతే 'టప్' మని పగులు వినిపిస్తుంది. ఆ కట్ట నింపే ఫంక్షన్‌లో, అంటే ఆడియో కాల్‌బ్యాక్‌లో, ఎంత సేపు పడుతుందో ముందే చెప్పలేని పని ఏదీ చేయకూడదు. కొత్తగా మెమరీ అడగకూడదు. ఫైలు తెరవకూడదు. నెట్ జోలికి పోకూడదు. ఇంకొక థ్రెడ్ పట్టుకున్న తాళం (లాక్) కోసం కాచుకుని కూర్చోకూడదు. తప్పులు వెతకడానికి స్క్రీన్ మీద ఒక లైను ప్రింట్ చేయడం కూడా అక్కడ వద్దు. డప్పు శబ్దాల ఫైళ్లన్నీ ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే మెమరీలోకి ఎక్కించుకోవాలి. స్క్రీన్ మీద వాల్యూమ్ తిప్పితే ఆ విలువను అటామిక్ వేరియబుల్‌గానో, తాళం లేని రింగ్ బఫర్ ద్వారానో ఆడియో థ్రెడ్‌కు అందించాలి. పోర్ట్ ఆడియో లైబ్రరీ రాసినవారిలో ఒకడైన రాస్ బెన్సినా ఈ సూత్రాలను 2011లో ఒక వ్యాసంగా రాశాడు. ఇంటర్వ్యూకు వెళ్లేముందు రెండుసార్లు చదవదగినది.

చదివితే రాదు, చేస్తేనే వస్తుంది. మొదటి పనిగా డప్పు ప్యాడ్ ఒకటి తయారు చేయండి. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో పైజో బిళ్లలు తక్కువ ధరకే దొరుకుతాయి. పాత రబ్బరు షీటు ముక్క కింద ఒక బిళ్ల అంటించి, దాని రెండు కొసల మధ్య ఒక మెగాఓం రెసిస్టర్ కలిపి, ఆర్డుయినో బోర్డు అనలాగ్ పిన్నుకు ఇవ్వండి. బోర్డుల్లో ఊనో కాకుండా లియోనార్డో తీసుకోండి. అది లాప్‌టాప్‌కు నేరుగా మిడి పరికరంలా కనిపిస్తుంది, మధ్యలో వేరే ప్రోగ్రాం పెట్టుకునే బాధ తప్పుతుంది. వాయిద్యాలు, కంప్యూటర్లు కబుర్లు పంపుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతినే ఇవాళ్టికీ కీబోర్డులు, ప్యాడ్‌లు వాడుతున్నాయి. పాత గుండ్రటి కేబుల్ మీద ఒక దెబ్బ కబురు చేరడానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది.

తీరా కొట్టి చూస్తే ఒక దెబ్బకు మూడు మోతలు వస్తాయి. పుల్ల తీసేశాక కూడా రబ్బరు అదురుతూనే ఉంటుంది, ఆ అదురుని ప్రోగ్రాం కొత్త దెబ్బలుగా లెక్కపెడుతుంది. అందుకని ఒక దెబ్బ పట్టాక 30 మిల్లీసెకన్ల దాకా ఇంకేదీ వినకుండా ఉండమని రాయాలి. ఇంకా ఎక్కువ పెడితే గబగబా పడే దరువులో దెబ్బలు మింగేస్తుంది. దెబ్బ బలం తెలియాలంటే వోల్టేజి శిఖరానికి చేరేదాకా 1, 2 మిల్లీసెకన్లు ఆగాలి. ఆగితే ఆలస్యం, ఆగకపోతే మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకే మోత. ఇలాంటి బేరాలు తెగ్గొట్టడమే ఈ ఉద్యోగం. రోజంతా చేసే పని ఇదే.

డప్పుకు ఇంకో సంగతుంది. కుడిచేతి చిర్ర ఒకచోట పడుతుంది, ఎడమచేతి సిటికెన పుల్ల పై అంచు మీద పలుకుతుంది. కాబట్టి సెన్సర్లు రెండు కావాలి. చిర్ర దెబ్బకు సిటికెన సెన్సర్ కూడా ఉలిక్కిపడుతుంది. రెండింటిలో ఏది ముందు, ఏది బలం అని పోల్చి, రెండోదాన్ని అణచాలి. ఒకే రికార్డింగును పదే పదే వాయిస్తే మోత చచ్చుగా ఉంటుంది. ప్రతి దెబ్బనూ నాలుగైదు బలాల్లో, ఒక్కో బలానికీ రెండు మూడుసార్లు రికార్డు చేసి మార్చి మార్చి వదలండి. డప్పు మంట మీద కాచినప్పుడు ఒక గొంతు, చల్లబడ్డాక ఇంకో గొంతు. మీరు రికార్డు చేసింది కాచిన వెంటనేనా, గంట తర్వాతనా అన్నది ఫైలు పేరులోనే రాసి పెట్టుకోండి. శ్రుతి పెంచే, దించే మీట ఒకటి ప్రోగ్రాంలో తప్పకుండా ఉండాలి.

రికార్డింగ్ అన్నాం కాబట్టి ఇక్కడే చెప్పాలి. మన పక్క ఊళ్లలోనే కోయ డోలు, లంబాడీ నగారా వాయించే పెద్దలున్నారు. మణుగూరు మండలానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి వాయిద్యంలో కొన్ని దరువులు వేల్పుల కొలుపుకే చెందినవి. వాటిని తెచ్చి డీజే మిక్సుకు ప్యాడ్ మీద పెట్టడం మర్యాద కాదు. ఏవి రికార్డు చేయొచ్చో, ఏవి కూడదో వాయించే పెద్దనే అడగండి. వాయించినందుకు ఆ రోజు కూలి ఇవ్వండి. పేరు ఎక్కడ వేస్తారో, అమ్మితే వాటా ఎంతో తెలుగులో ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి ఆయన దగ్గర ఉంచండి. కాదంటే వదిలేయండి. ఇది మంచితనానికి చెబుతున్న మాట మాత్రమే కాదు. రేపు మీ శబ్దాలు ఏ కంపెనీ అయినా కొనాలంటే మొదట అడిగేది ఆ కాగితమే.

ప్యాడ్ పలికిందా? ఇక కొలవాలి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఏదైనా ఫోన్‌ను ప్యాడ్ పక్కన, స్పీకరుకు దగ్గరగా పెట్టి రికార్డింగ్ నొక్కండి. చిర్రతో కొట్టండి. రబ్బరు మీద పుల్ల తగిలిన 'టక్', స్పీకరులోంచి వచ్చిన డప్పు మోత రెండూ అందులో పడతాయి. ఆ ఫైలును ఆడాసిటీలో తెరిచి, పెద్దది చేసి చూస్తే రెండు ఎత్తులు కనిపిస్తాయి. మొదటి ఎత్తు మొదలు నుంచి రెండో ఎత్తు మొదలు దాకా గుర్తు పెడితే ఎన్ని మిల్లీసెకన్లో అదే చూపిస్తుంది. ఒక్క దెబ్బ కొలిచి ఆపకండి. వరుసగా చాలా దెబ్బలు కొలిచి, అన్నిటికన్నా చిన్నది, పెద్దది రాసుకోండి. విండోస్ మామూలు డ్రైవరుతో ఒకసారి, ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవరుతో ఒకసారి చేసి చూడండి. తేడా కళ్లకు కడుతుంది.

ఆ తర్వాత పరీక్ష మన ఎండలో. మే నెలలో కొత్తగూడెం వైపు పందిరి కింద ప్రోగ్రాం నడిపే ఫోన్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో సాఫీగా నడిచిన ప్రోగ్రాం అక్కడ పగుళ్లు పెడుతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సేపట్లో యూఎస్‌బీ సౌండ్ కార్డు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ప్రోగ్రాం దాన్ని తనంతట తాను వెతికి పట్టుకోవాలి. స్టేజీ మీద ఉన్న మనిషి సెట్టింగుల్లోకి వెళ్లి వెతుక్కోలేడు. మోత ఆగకుండా ఇరుక్కుపోతే అన్నిటినీ ఒక్కసారి ఆపే పెద్ద బటన్ ఉండాలి. వాయించేవాడి చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి శబ్దాలు మార్చడానికి కాలితో నొక్కే పెడల్ ఉండాలి. ఎండలో కూడా కనపడేంత పెద్ద అక్షరాలు, తెలుగులో. ఇవన్నీ కుర్చీలో కూర్చుంటే తట్టవు. ఒక ప్యాడిస్టుకో, డప్పు కళాకారుడికో మీ పెట్టె ఇచ్చి, పక్కన నిలబడి, ఏమీ వివరించకుండా చూడండి. ఎక్కడ చెయ్యి ఆగిందో రాసుకోండి. 'ఎట్లుందన్నా?' అని అడిగితే మర్యాదకు 'మంచిగుంది తమ్మీ' అంటాడు. మీరు నమ్మాల్సింది ఆగిన చెయ్యినే.

గొంతు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు దారి కొంచెం వేరు. తెలుగువాడైన కోడూరి గోపాలకృష్ణ హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రాగాలను కంప్యూటర్‌తో గుర్తుపట్టే పరిశోధన చేసి, అక్కడి నుంచి బార్సిలోనా వెళ్లి జేవియర్ సెర్రా నడిపిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో డాక్టరేట్ చేశాడు. కర్ణాటక సంగీతంలో ఒక్కో స్వరం ఏ రాగంలో ఎక్కడ నిలుస్తుంది, ఎంత ఊగుతుంది అన్నది ఆయన అంశం. తర్వాత సహపరిశోధకులతో కలిసి బెంగళూరు కేంద్రంగా మ్యూజిక్‌ముని ల్యాబ్స్ పెట్టాడు. వాళ్ల రియాజ్ యాప్‌లో మీరు పాడుతుంటే మీ శ్రుతి గీతగా కదులుతుంది, గురువు పాడిన గీతతో పోల్చి చూపిస్తుంది. పాడిన వెంటనే జవాబు రావడంలోనే ఆ యాప్ బలమంతా ఉంది. పరిశోధన నుంచి చేతిలోకి వచ్చే వస్తువు దాకా ఒక తెలుగువాడు నడిచిన దారి ఇది. చదువు కొనసాగించే వీలున్నవాళ్లు దీన్ని గట్టిగా ఆలోచించాలి.

ఇక్కడా బేరమే. 100 హెర్ట్జ్ దగ్గర పాడే మగ గొంతులో ఒక్కో ఆవృత్తికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. శ్రుతి కనుక్కోవడానికి కనీసం రెండు ఆవృత్తులైనా వినాలి, అంటే 20. ఇలా శ్రుతి కనుక్కోవడానికి 2002లో వచ్చిన యిన్ పద్ధతి ఇప్పటికీ నమ్మదగ్గది. కిటికీ, అంటే ఒక్కసారికి వినే శబ్దం నిడివి, చిన్నదైతే మంద్రంలో పాడినదాన్ని పై స్థాయి అనుకుంటుంది. పెద్దదైతే గమకం ఊపు సాపుగా చదునైపోతుంది, కంపితం కాస్తా నిలకడ స్వరంలా కనిపిస్తుంది. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు, హార్మోనియం మెట్ల మధ్య 100 సెంట్ల దూరం. మన స్వరాలు ఆ మెట్ల మీద కూర్చోవు. పాశ్చాత్య సంగీతానికి రాసిన ట్యూనర్ తెచ్చి మన పాటకు తగిలిస్తే బాగా పాడిన పిల్లను తప్పు పాడావంటుంది. పాడేవాళ్ల ఆధార షడ్జమం ఏదో ముందు అడగని ప్రోగ్రాం మన ఊళ్లలో ఎవరికీ అక్కరకు రాదు.

ప్యూర్ డేటాలో ఆలోచన తేలాక సీ ప్లస్ ప్లస్ నేర్చుకోవాలి. దానికి దగ్గరి దారి లేదు. ఫోన్ కోసమైతే గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓబో లైబ్రరీ పట్టుకోండి. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ఏఆడియోను అదే వాడుకుంటుంది, పాత ఫోన్లలో పాత పద్ధతికి తానే మళ్లుతుంది. కంప్యూటర్ ప్లగిన్‌ల కోసం జ్యూస్ అనే ఫ్రేమ్‌వర్క్ బాగా వాడుకలో ఉంది. అమ్మే ఉద్దేశం ఉంటే దాని లైసెన్సు షరతులు ముందే చదవండి. ఇప్పటికే జావాస్క్రిప్టు వచ్చినవాళ్లు బ్రౌజరులోని ఆడియో వర్క్‌లెట్‌తో మొదలుపెట్టొచ్చు. అది 128 ముక్కల కట్టతో పని చేస్తుంది, నియమాలన్నీ ఇవే. గణితం గురించి భయపడొద్దు. ఇంటర్‌లో చదివిన త్రికోణమితి, లాగరిథమ్‌లు, సంకీర్ణ సంఖ్యలు తిరగేస్తే చాలు. పకెట్ రాసిన పాఠ్యపుస్తకం, స్టాన్‌ఫర్డ్ జూలియస్ స్మిత్ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

ఇక జీతం సంగతి. ఉన్న ఉద్యోగం మానేసి దీంట్లోకి దూకమని నేను చెప్పను. సంగీత సాఫ్ట్‌వేర్ మాత్రమే చేసే కంపెనీలు మన దగ్గర తక్కువ. కానీ గడువు తప్పకుండా శబ్దాన్ని నడిపే నేర్పు ఫోన్ చిప్పుల కంపెనీలకు, కార్ల స్పీకర్లు చేసేవాళ్లకు, వినికిడి యంత్రాలకు, గేములకు, వీడియో కాల్ సాఫ్ట్‌వేర్లకు అందరికీ కావాలి. హైదరాబాద్, బెంగళూరులో ఈ కొలువులు ఆడియో ఇంజినీర్ అన్న పేరుతో తక్కువ, డీఎస్‌పీ ఇంజినీర్, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అన్న పేర్లతో ఎక్కువ కనిపిస్తాయి. వెతికేటప్పుడు ఆ మాటలతో వెతకండి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో సంగీత ప్రోగ్రాంల సంస్థలు కూడా ఉంటాయి. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లయితే కాలేజీలో లేకపోయినా దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే భృతి ఇస్తారు. పని ఇంటి నుంచే.

రెజ్యూమెలో కోర్సుల పేర్లు వరుసగా పేర్చకండి. ఒకే ఒక్క పని పెట్టండి, పూర్తయినది. దాంతో మూడు జతచేయండి. మొదటిది కోడ్. రెండోది ఒక నిమిషం వీడియో, అందులో వాయించేది మీరు కాకుండా ఇంకొకరై ఉండాలి, చేతులు, స్పీకరు రెండూ ఫ్రేములో కనిపించాలి, వెనక మ్యూజిక్ కలపకూడదు. మూడోది మీరు కొలిచిన పట్టిక: ఏ ఫోన్, ఏ లాప్‌టాప్, బఫర్ ఎంత, తక్కువలో తక్కువ ఆలస్యం, ఎక్కువలో ఎక్కువ ఆలస్యం, నీడలో, ఎండలో. ఇంటర్వ్యూలో రింగ్ బఫర్ ఎందుకు వాడావు, రెండు పరికరాల శాంపిల్ రేట్లు కలవకపోతే ఏమవుతుంది అని అడుగుతారు. ఆ పట్టిక మీరే కొలిచి ఉంటే జవాబు చెప్పడానికి ఇంగ్లిష్ తడబడినా ఫరవాలేదు. 'ఎండలో' అన్న గడిలో ఆలస్యం 31 అని ఉంటే దాన్ని 9గా దిద్దకండి. 31 ఎందుకు వచ్చిందో, తగ్గించడానికి ఏం చేశారో, ఎంత వరకు తగ్గిందో చెప్పండి. అవతల కూర్చున్న ఇంజినీరుకు అక్కడి నుంచే మీతో మాట్లాడాలనిపిస్తుంది.